చెయ్యి చాచిన బిషప్ అజరయ్యగారు

ధ్యానమునకు: మత్తయి 5:43–48, 18:15–17



శత్రువులను ప్రేమించుటనుగూర్చి మన ప్రభువు కొండమీద చేసిన బోధ మనకందరకు తెలిసినదే. అయితే పొరుగు చేనివాడు గట్టు నరికినప్పుడు, సంఘములో ఒకరు మనలను నలుగురి యెదుట చిన్నపరచినప్పుడు, ఆ బోధ గొంతు దిగదు. క్షమించుట అనగా నోరు మూసికొని ఊరకుండుటయే అని కొందరు తలంచుదురు. పైకి మౌనము, లోపల పగ. ఇది క్షమాపణ కాదని మన సూర్యాపేటకు అంత దూరము కాని దోర్నకల్లులో సేవచేసిన అజరయ్యగారి జీవితము మనకు నేర్పుచున్నది.

వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి ప్రాంతమున ఒక పల్లెలో జన్మించిరి. తండ్రి గ్రామ పాదిరి. యౌవనములో వై.యం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేసిరి. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ స్వంత కానుకలతో ఒక మిషనరీ సంఘమును స్థాపించినప్పుడు దానికి ముఖ్యులైరి. 1909లో ఆ సంఘపు మిషనరీగా, తమది కాని తెలుగు భాష నేర్చుకొని, నిజాము రాజ్యములోని దోర్నకల్లుకు వచ్చిరి.

ఆ దినములలో విదేశ మిషనరీలు అనేకులు స్వదేశ సేవకులను మంచి పనివారినిగా ఎంచిరి గాని, తమ భోజనపు బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనుట అరుదు. ఒకే ప్రభువును ప్రకటించువారి మధ్యనే ఈ గోడ నిలిచియుండెను. 1910లో స్కాట్లాండు దేశములోని ఎడింబరో పట్టణమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరువదిమందికి లోపే. ఆ సభలో అజరయ్యగారు లేచి ఈ గాయమును దాచక చెప్పిరి. మిషనరీలు చేసిన త్యాగమును కృతజ్ఞతతో ఒప్పుకొనిరి; తరువాత, ఆ త్యాగముతోపాటు ప్రేమను, స్నేహమును దయచేయుమని వేడుకొనిరి. విన్నవారిలో కొందరు మెచ్చిరి, కొందరు కోపగించిరి.

రెండేండ్ల తరువాత ఆయనను బిషప్పుగా చేయుటకు యోచన జరిగినప్పుడు మిషనరీలలో కొందరు వలదనిరి. స్వదేశ క్రైస్తవులలోను కొందరు ఎదురాడిరి. ఇంటివారి మాట మరింత నొప్పించును గదా! అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిరి. తరువాత డయోసిసు విస్తరించినప్పుడు ఇంగ్లాండు మిషనరీలు కూడ ఆయన అధికారము క్రింద పనిచేసిరి. ఇప్పుడు పగ తీర్చుకొనుటకు సమయము దొరికినది. ఆయన తీర్చుకొనలేదు. తాము అడిగిన స్నేహమునే వారికిచ్చిరి.

సంఘములో కులభేదము ఉండరాదని ఆయన బోధించిరి. 1930 తరువాతి సంవత్సరములలో, బీద మాల మాదిగ క్రైస్తవుల మారిన నడతను చూచి పై కులములవారును అనేకులు బాప్తిస్మము పొందిరి. ఒకప్పుడు దూరముగా నిలిపినవారే ప్రక్కన మోకరించుటకు వచ్చిరి. వారిని చేర్చుకొనుటకు మన పెద్దలకు ఎంత పెద్ద మనస్సు కావలసివచ్చెనో ఆలోచించుడి.

1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయమునకు మన దేశపు గుడుల స్తంభములను, మసీదుల గుమ్మటములను పోలిన రూపమునిచ్చిరి. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, తప్పును తప్పని చెప్పుట పగ కాదు. చెప్పిన తరువాత చెయ్యి చాచకుండుటయే పగ. మన సంఘములలో మాటలు మానుకొని, ఒకరున్న ప్రభు రాత్రి భోజనమునకు మరియొకరు రాని కుటుంబములను మేమెరుగుదుము. సంస్కారపు ఆదివారము రాకమునుపే వారి గడప తొక్కుడి. గాయమును దాచకుడి, గాయపరచకుడి. వారు తలుపు తీయకపోయినను మీరు వెళ్లిన సంగతి ప్రభువు ఎరుగును.

ప్రార్థన: ప్రభువా, మేము నీకు శత్రువులమై యుండగానే మమ్మును ప్రేమించితివి. నిజము చెప్పు నోటిని, చాచు చేతిని మాకు దయచేయుము. ఆమేన్.