విశ్వేశ్వరయ్య పుట్టిన ఇంటికి తాళం పడకూడదు

నంది కొండల దగ్గర ముద్దేనహళ్లి చిన్న ఊరు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1861లో పుట్టిందిక్కడే. 2007 దాకా ఈ ఊరు కోలారు జిల్లాదే. జిల్లా విడిపోయాక చిక్కబళ్లాపురలో చేరింది.

వారిది తెలుగు కుటుంబం. పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుంచి వలస వచ్చారు. ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. చిన్నప్పుడే తండ్రి పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బీఏ పాసయ్యారు. తర్వాత పుణెలో ఇంజినీరింగ్.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేసింది. నిజాం ప్రభుత్వం ఆయన్నే పిలిపించింది. వరదను పైనే ఆపాలన్న ఆయన సలహాతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1909లో మైసూరు చీఫ్ ఇంజినీరయ్యారు. కన్నంబాడి ఆనకట్ట పని మొదలుపెట్టించారు. 1912 నుంచి 1918 దాకా దివాన్‌గా చేశారు. మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం ఆ కాలంలో వచ్చినవే. 1955లో భారతరత్న అందుకున్నారు. 1962లో కన్నుమూస్తే అంత్యక్రియలు సొంతూళ్లోనే జరిగాయి.

ఆ ఇంటినే మ్యూజియం చేశారు. ఆయన కళ్లజోడు, పుస్తకాలు, పతకాలు అందులో ఉన్నాయి. ఏటా సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినోత్సవం. ఆ ఒక్కరోజు పటానికి దండేసి ఊరుకుంటే చాలదు. చూసేవాళ్లు లేకపోతే ఎంత గొప్పవారి ఇంటికైనా చివరికి తాళమే. పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకెళితే ఆ తలుపులు తెరిచే ఉంటాయి.