కలమునకు కొలత నేర్పిన ఇబ్న్ ముఖ్లా

మనము నిత్యము చేతబట్టే కలమునకు ఆ పేరు అరబ్బీలోని ఖలం అనే పదమునుండి వచ్చినది. మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థియు, తెలుగు చదివే విద్యార్థియు ఒకే మాటతో పిలిచే వస్తువు అది. ఆ కలమును ప్రాణప్రదముగా ప్రేమించి, దాని వ్రాతకు ఒక శాస్త్రమును కల్పించి, తుదకు దానిని పట్టిన చేతినే పోగొట్టుకొన్న ఒక మహా కళాకారుని జీవితమును సోదర విద్యార్థులకు పరిచయము చేయదలచినాము. ఆయనయే అబూ అలీ ముహమ్మద్ ఇబ్న్ ముఖ్లా.

ఇబ్న్ ముఖ్లా క్రీ.శ. 886 ప్రాంతమున బాగ్దాదులో జన్మించినాడు. అబ్బాసీ ఖలీఫాల రాజధానియైన ఆ నగరములో 8వ శతాబ్ది చివరినుండియే కాగితము తయారవుతుండేది. కాగితము పెరిగినకొలది దఫ్తరులు పెరిగినవి, అందమైన దస్తూరి గల లేఖకునకు గౌరవము పెరిగినది. ఇబ్న్ ముఖ్లా ఫార్స్ ప్రాంతమున పన్నులు వసూలుచేసే చిన్న ఉద్యోగిగా జీవితమును ప్రారంభించి, క్రమముగా ఎదిగి, 928లో ఖలీఫా అల్-ముఖ్తదిర్‌కు వజీరు అయినాడు. అటుపిమ్మట అల్-ఖాహిర్, అల్-రాజీల కాలమున మరి రెండు పర్యాయములు ఆ పదవి ఆయనను వరించినది.

పదవులు ఎన్ని వచ్చినను ఆయన మనస్సు కలముమీదనే ఉండినది. ఆ కాలపు కలము రెల్లుకాడతో చేసినది. గట్టిగా, నిటారుగా ఉన్న కాడను ఏరుకొని, వాడియైన కత్తితో ఏటవాలుగా చెక్కి, సిరా దిగుటకు నడుమ సన్నని చీలిక పెట్టి, తుదకు పాళీ కొనను ఒక్క వేటున తెగగొట్టవలెను. ఆ వేటు ఏమాత్రము తప్పినను అక్షరము వికారమగును. దీపపు మసిని తుమ్మబంకతో నూరి సిరా చేసేవారు; మాచికాయ, అన్నభేది కలిపి చేసే సిరా మరొకటి. సిరాబుడ్డిలో పట్టుపోగులు వేసేవారు, కలమునకు సిరా మితముగా అంటుటకు. కాగితమునకు గంజి పట్టించి, నున్నని రాతితో రుద్ది మెరుగు పెట్టేవారు. కలమును చెక్కుట, పాళీని కోయుట అనే ఈ చిన్న పనులు వ్రాతకు ముందు జరిగే చాకిరి కావనియు, వ్రాతలో సగము వానిలోనే ఉన్నదనియు ఇబ్న్ ముఖ్లా గ్రహించినాడు.

ఆయన ప్రతిభ ఇక్కడనే వెల్లడియైనది. పాళీని కాగితముపై ఏటవాలుగా ఒత్తినపుడు వజ్రాకారపు చుక్క ఒకటి ఏర్పడును. ఆ చుక్కనే ఆయన కొలబద్దగా స్వీకరించినాడు. అలిఫ్ ఎత్తు ఇన్ని చుక్కలని నిర్ణయించి, ఆ అలిఫ్ వ్యాసముగా ఒక వృత్తమును గీచి, తక్కిన అక్షరముల వంపులను ఆ వృత్తమునుండి సాధించినాడు. కలము సన్నమైతే అక్షరము చిన్నది, వెడల్పైతే పెద్దది; అందము మాత్రము మారదు. అంతవరకు లేఖకుని అభిరుచికి వదలివేయబడిన వ్రాత ఇట్లు గణితమునకు లోబడినది. దీనికే అల్-ఖత్ అల్-మన్సూబ్, అనగా అనుపాతలిపి అని పేరు.

ఇబ్న్ ముఖ్లా నిష్కళంకుడని మేము చెప్పబోము. రాజకీయ కుట్రలలో ఆయనకును భాగము ఉండినది. 936లో వజీరు పదవి పోయినది. అధికారమంతయు ఇబ్న్ రాయిఖ్ అనే సేనాని హస్తగతమైనది. తన ఆస్తిని కాజేసిన ఆ సేనానిని పడద్రోయుటకు ఇబ్న్ ముఖ్లా చేసిన ప్రయత్నము బయటపడగా, 938లో ఆయన కుడిచేతిని నరికివేసినారు. పవిత్ర ఖురాన్ ప్రతులను వ్రాసిన చేయి అది.

అయినను ఆయన కలమును విడువలేదు. తెగిన చేతికి కలమును కట్టుకొని వ్రాసినాడనియు, ఎడమచేతితోను అభ్యాసము చేసినాడనియు చరిత్రకారులు తెలుపుచున్నారు. తరువాత శత్రువులు నాలుకను కూడ కోయించినారు. 940లో కారాగారములోనే ఆ జీవితము ముగిసినది. మూడుసార్లు వజీరైన ఆయన దేహము మూడుచోట్ల ఖననము చేయబడినదని చెప్పుదురు.

నేడు ఆయన స్వహస్తముతో వ్రాసినదని నిస్సందేహముగా చెప్పదగిన పత్రము ఒక్కటియు లేదు. పదవి పోయినది, సంపద పోయినది, చేయి పోయినది, వ్రాతయు పోయినది. కాని కొలత మిగిలినది. 1022లో గతించిన ఇబ్న్ అల్-బవ్వాబ్ ఆ పద్ధతికి మరింత సొగసు కూర్చినాడు. 1298లో గతించిన యాఖూత్ పాళీని మరింత ఏటవాలుగా కోసి కొత్త నాజూకు తెచ్చినాడు. గోల్కొండలోని కుతుబ్‌షాహీ సమాధులపై నల్లరాతిలో చెక్కిన అక్షరములను చూచినవారు, బాగ్దాదులో పుట్టిన ఆ కొలత మన తెలుగుగడ్డ వరకు ఎట్లు నడచి వచ్చినదో కనులార గాంచగలరు.

విద్యార్థి మిత్రులారా! తాను ఒక్కడే చేయగల పనిని ఇబ్న్ ముఖ్లా పదిమంది నేర్వగల శాస్త్రముగా మార్చినాడు. అందువలననే ఖడ్గము ఆయన చేతిని తీసికొనగలిగినది గాని విద్యను తీసికొనలేకపోయినది. మనము నేర్చిన దానిని మరొకరికి కొలతతో సహా అందించిన నాడే అది నిజముగా మనదగునని మా విశ్వాసము.