మూసీకి పగ్గాలేసిన మోక్షగుండం

సెప్టెంబర్ 15 వచ్చిందంటే మన కాలేజీలో ఒక ఫోటోకి దండ పడుతుంది. మైసూరు తలపాగా, కోటు, సూటిగా చూసే కళ్లు. ఇంజనీర్స్ డే కదా అని ఒక దండం పెట్టి క్యాంటీన్ వైపు నడిచేస్తాం. కానీ ఆ పెద్దాయనకీ హైదరాబాద్ నీళ్లకీ ఉన్న సంబంధం తెలిస్తే ఇంకాసేపు అక్కడే ఆగుతాం.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టింది కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో. ఇంటిపేరు మాత్రం మన ప్రకాశం ప్రాంతపు ఊరిది. పూర్వీకులు అక్కడి నుంచే వలస వెళ్లారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బి.ఏ. పూర్తిచేశారు. పుణెలో ఇంజనీరింగ్ చదివి బొంబాయి ప్రభుత్వంలో చేరారు. పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో పెట్టిన ఆటోమేటిక్ గేట్లు ఆయన ఆలోచనే. నీటిమట్టం పెరిగితే అవే తెరుచుకుంటాయి, తగ్గితే అవే మూసుకుంటాయి.

1908 సెప్టెంబర్ 28న మూసీ విరుచుకుపడింది. హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. అప్పటికే ఉద్యోగం వదిలేసిన విశ్వేశ్వరయ్యని నిజాం ప్రభుత్వం పిలిపించింది. 1909లో ఆయన వచ్చారు.

నగరంలో గోడ ఎంత ఎత్తు కట్టాలి అన్న దగ్గరే ఆయన ఆగిపోలేదు. నగరానికి ఎగువన ఏముందో చూశారు. వాన లెక్కలు తీశారు, చెరువులు లెక్కపెట్టారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే ఆ వానకి 221 తెగిపోయాయి. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి. అదీ తెగితే ఇంకా కిందిదాని మీద. అలా కూడి కూడి ఊరి మీద పడ్డాయి. అందుకే వరదని ఊళ్లోకి రాకముందే ఆపాలని, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని చెప్పారు. నగరానికి మురుగునీటి పథకం కూడా వేశారు.

తర్వాత ఆయన మైసూరు వెళ్లి చీఫ్ ఇంజనీరు, దివాన్ అయ్యారు. ఇక్కడ 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే దశాబ్దాలపాటు నగరం దాహం తీర్చాయి.

ఇందులో ఒక చిక్కుంది. వరదని పట్టాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగడానికైతే నిండుగా ఉండాలి. దక్కన్‌లో వాన ఏడాదంతా పడదు, నాలుగు నెలల్లో కురిసి పోతుంది. కాబట్టి ఇక్కడ వరదకి ఒక ప్లాను, కరువుకి ఇంకో ప్లాను వేస్తే కుదరదు. ఎప్పుడు గేటెత్తాలి, ఎప్పుడు దించాలి అన్న లెక్కలోనే రెండూ ఉన్నాయి.

ఆ లెక్క సరిపోవాలంటే ఎగువన వాగులు పారాలి, చెరువులు మిగలాలి. 1996లో జీవో 111 ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా కట్టడాలకి ఆంక్షలు పెట్టింది అందుకే. అవి ఉండాలా పోవాలా అన్న గొడవ ఇంకా తెగలేదు.

విశ్వేశ్వరయ్యగారికి 1955లో భారతరత్న వచ్చింది. 1962లో, నూరేళ్లు దాటాక కన్నుమూశారు. ఈసారి దండ వేసేముందు ఒక పని చేద్దాం. మన క్యాంపస్‌లో పడ్డ వాన ఎటు పోతోందో, దారిలో ఏది అడ్డుందో ఒక్కసారి నడిచి చూసొద్దాం. ఆయన కూడా అక్కడి నుంచే మొదలుపెట్టారు.