మెర్లిన్‌కు ఊపిరి, మారుత్‌కు ఇంజిన్: స్టాన్లీ హుకర్ కథ

స్టాన్లీ హుకర్ 1938 జనవరిలో డెర్బీలోని రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీలో చేరేనాటికి ఆయన వయసు 30. చదివింది గణితం. ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసింది వాయు ప్రవాహాల మీద. ఇంజిన్ల తయారీలో అనుభవం సున్నా. మొదట్లో ఆయనకు ఫలానా పని అని ఎవరూ అప్పగించలేదు. ఆ ఖాళీలో ఫ్యాక్టరీలో తిరుగుతుండగా సూపర్‌ఛార్జర్ల పరీక్షా విభాగం కంటపడింది. అక్కడి లెక్కల కాగితాలు తీసుకుని కూర్చున్నారు.

పిస్టన్ ఇంజిన్ శక్తి అది పీల్చే గాలి మీద ఆధారపడి ఉంటుంది. సిలిండర్లు తమంతట తాముగా గాలిని లాక్కునే మామూలు ఇంజిన్‌కు నేల మీద ఇబ్బంది లేదు. 20,000 అడుగుల ఎత్తుకు వెళ్తే గాలి సాంద్రత దాదాపు సగానికి పడిపోతుంది, దాంతో పాటే శక్తీ పడిపోతుంది. అందుకే యుద్ధ విమానాల ఇంజిన్లలో గాలిని కుదించి లోపలికి నెట్టే సూపర్‌ఛార్జర్ పెడతారు. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలను నడిపే 27 లీటర్ల మెర్లిన్ ఇంజిన్‌లోనూ అది ఉంది. కానీ గాలి అందులోకి వెళ్లే వంపు గొట్టం దగ్గర, తిరిగే చక్రం దగ్గర చాలా శక్తి వృథా అవుతోందని హుకర్ లెక్క తేల్చారు. ఆ భాగాలను సరిదిద్దడంతో మెర్లిన్ 20, మెర్లిన్ 45 రకాలు వచ్చాయి.

టర్బోఛార్జర్ ఎందుకు పెట్టలేదన్న ప్రశ్నకూ అక్కడ సమాధానం ఉంది. ఇంజిన్ వదిలే వేడి వాయువులను వెనక్కి చిమ్మిస్తే విమానానికి అదనపు తోపు దొరుకుతుంది. టర్బో పెడితే అందులో చాలా భాగం పోతుంది, బరువూ పెరుగుతుంది. కార్బ్యురేటర్‌ను సూపర్‌ఛార్జర్‌కు ముందు ఉంచడంలోనూ ఇలాంటి లెక్కే ఉంది. పెట్రోలు ఆవిరైనప్పుడు గాలి చల్లబడి, చిక్కబడుతుంది. అయితే విమానం ముక్కు హఠాత్తుగా కిందికి దించితే ఫ్లోట్ కార్బ్యురేటర్ తడబడి ఇంజిన్ ఆగిపోయేది. జర్మన్ల ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు ఆ బాధ లేదు.

1941లో జర్మనీ ఫోక్‌వుల్ఫ్ 190ని దించింది. దాని ముందు స్పిట్‌ఫైర్ వెనకబడింది. జవాబుగా మెర్లిన్ 61 వచ్చింది. ఒకదాని వెనక ఒకటిగా రెండు చక్రాలతో గాలిని రెండు దశల్లో కుదించడం దీని పద్ధతి. కుదించిన గాలి వేడెక్కి ఇంజిన్‌కు చేటు చేస్తుంది కాబట్టి, మానిఫోల్డ్‌లోకి వెళ్లేలోపే దాన్ని చల్లబరిచే ఏర్పాటు కూడా చేశారు. 1942 వేసవిలో ఈ ఇంజిన్‌తో స్పిట్‌ఫైర్ 9 రంగంలోకి దిగింది. యుద్ధం మొదట్లో 1,000 హార్స్‌పవర్ చుట్టూ ఉన్న మెర్లిన్, పరిమాణం మారకుండానే 1,600 దాటింది. మెరుగైన 100 ఆక్టేన్ ఇంధనానికీ ఇందులో వాటా ఉంది. 1944లో ఇంఫాల్ వద్ద జపాన్ సేనలపై భారత వైమానిక దళం నడిపిన హరికేన్లలో ఉన్నది మెర్లిన్ 20 ఇంజినే.

ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజిన్‌ను రోల్స్ రాయిస్ చేతికి తేవడంలోనూ హుకర్‌ది ముఖ్య పాత్ర. తర్వాత కంపెనీ అధిపతి ఎర్నెస్ట్ హైవ్స్‌తో పొసగక 1949లో బ్రిస్టల్ కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన రూపొందించిన చిన్న జెట్ ఇంజిన్ ఆర్ఫియస్‌తో భారత్ అనుబంధం మొదలైంది. బెంగళూరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఈ ఇంజిన్‌ను లైసెన్సుపై తయారుచేసింది. 1965 యుద్ధంలో పాకిస్థాన్ సేబర్లను ఎదుర్కొన్న నాట్ విమానాలు నడిచింది దీనితోనే.

దేశీయ ఫైటర్ మారుత్‌కూ ఆర్ఫియస్‌నే ఎంచుకున్నారు. ఆ విమాన రూపకర్త కుర్ట్ టాంక్ 1956లో భారత్‌కు వచ్చిన జర్మన్ ఇంజినీరు. హుకర్ ఇంజిన్లు ఒకప్పుడు తలపడిన ఫోక్‌వుల్ఫ్ 190 ఆయన సృష్టే. పాత ప్రత్యర్థులిద్దరి పనితనం బెంగళూరులో ఒకే విమానంలో కలిసింది. అయితే టాంక్ డిజైన్ చేసింది మరింత శక్తిమంతమైన ఆర్ఫియస్ 12ను దృష్టిలో పెట్టుకుని. దాని అభివృద్ధి ఖర్చు భరించడానికి భారత ప్రభుత్వం ముందుకు రాలేదు. ఆ ఇంజిన్ ఆగిపోయింది. ఈజిప్టు ఇంజిన్‌తో చేసిన ప్రయత్నమూ ఫలించలేదు. చివరికి నాట్‌లో వాడిన తరహా ఇంజిన్లనే రెండేసి అమర్చారు. 1961లో తొలిసారి ఎగిరిన మారుత్, 1971లో లోంగేవాలా యుద్ధంలో పాల్గొంది. కానీ ధ్వని వేగాన్ని దాటి దూసుకెళ్లాలన్న అసలు లక్ష్యం నెరవేరలేదు.

అదే 1971లో ఆర్‌బీ211 ఇంజిన్ ఖర్చులు తట్టుకోలేక రోల్స్ రాయిస్ దివాలా తీసింది. రిటైరైన హుకర్‌ను వెనక్కి పిలిచారు. ఆయన ఆ ఇంజిన్‌ను గట్టెక్కించారు. 1974లో సర్ బిరుదు అందుకున్నారు. ఆర్ఫియస్ ఆధారంగా ఆయన బృందం మొదలుపెట్టిన పెగాసస్ ఇంజిన్‌తో నడిచే సీ హ్యారియర్లు 1983 చివర్లో భారత నౌకాదళానికి చేరాయి. 1984 మే 24న హుకర్ కన్నుమూశారు. తాను గొప్ప ఇంజినీరును కానన్న అర్థం వచ్చే పేరుతో రాసుకున్న ఆత్మకథ అదే ఏడాది వెలువడింది.

మారుత్ వారసుడనదగ్గ తేజస్ నేటికీ అమెరికా ఇంజిన్‌తోనే ఎగురుతోంది. విమానం గీయడం నేర్చుకున్న దేశం ఇంజిన్ దగ్గర ఎందుకు ఆగిందో అర్థం కావాలంటే, ఆర్ఫియస్ 12 దగ్గర తీసుకున్న నిర్ణయాన్ని కూడా చదవాలి.