సముద్రపు గుఱ్ఱమును చూపిన పెన్లెవే

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల బాలబాలికలు గండిపేట జలాశయమును చూచియుందురు. సముద్రమును చూచినవారు కొలదిమందియే. అయినను కడలి యడుగున సంచరించు చిట్టి జీవుల వింతలను ఇంట కూర్చుండి టెలివిజనులో చూడగలుగుచున్నారు. ఇట్టి చిత్రములకు తొలుత బాట వేసినవారిలో ఫ్రాన్సు దేశీయుడైన జాన్ పెన్లెవే ముఖ్యుడు.

ఆయన 1902వ సంవత్సరము నవంబరు 20వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి పాల్ పెన్లెవే గొప్ప గణితశాస్త్రజ్ఞుడు. ఫ్రాన్సునకు ప్రధానమంత్రిగను పనిచేసెను. కుమారుడు జంతుశాస్త్రము నభ్యసించెను. 1928లో ఆయన చేప గ్రుడ్డు పెరుగు విధమును చలనచిత్రముగ తీసి పండితుల సభలో ప్రదర్శించెను. చలనచిత్రము వినోదమునకే గాని శాస్త్రమునకు తగదని కొందఱు ఆగ్రహించిరి. ఒకరు సభ విడిచి వెడలిపోయిరి కూడ. పెన్లెవే మాత్రము కెమెరాను విడువలేదు.

పిదప ఆయన దృష్టి సముద్రపు గుఱ్ఱముపై పడెను. ఇది గుఱ్ఱమువంటి తల గల చిన్న చేప, నిలువుగ ఈదును, తోకతో నీటిమొక్కలను చుట్టి పట్టుకొనును. ఆడుది మగదాని పొట్టమీది సంచిలో గ్రుడ్లు పెట్టును. పిల్లలను కనుట మగదాని వంతు! చెప్పిన నమ్మనివారును కన్నులార చూచిన నమ్ముదురు గదా.

నీరు చొరకుండ గాజుపలక బిగించిన పెట్టెలో కెమెరా నుంచి, ఆయన ఆర్కషాన్ అఖాతమున మునిగెను. దానిలో కొన్ని క్షణములకు సరిపడు ఫిల్ము మాత్రమే పట్టును. అందుచే మాటిమాటికి పైకి రావలసియుండెను. పీల్చు గాలి పడవనుండి గొట్టము ద్వారా రావలెను. పడవవారు చేతితో చక్రము త్రిప్పి దానిని పంపుచుండిరి. ఒకనాడు గాలి నిలిచిపోయెను. ఊపిరాడక ఆయన పైకి వచ్చి చూడగా, చక్రమును ఎంత వేగముగ త్రిప్పవలెనని పడవలోని యిద్దఱు తగవులాడుకొనుచుండిరి!

ప్రసవ దృశ్యమును గాజుతొట్టిలో తీయవలసివచ్చెను. అది ఏ క్షణమున జరుగునో తెలియదు. కునుకు పట్టి తల వాలినచో విద్యుత్తు చురుక్కున తగులునట్లు టోపీకి ఒక సాధనము నమర్చుకొని, ఆయన మేలుకొని కాచియుండెను. తుదకు మగ చేప పొట్ట ముడుచుచు సంచి తెఱవగా, చిన్నారి పిల్లలు వెలికి వచ్చినవి. కెమెరా వానిని పట్టెను. 1934 నాటి ఆ చిత్రమును సామాన్యజనులును మెచ్చి చూచిరి.

ఆయన రెండువందలకు పైగా చిత్రములు తీసెను. పెక్కింటికి సహచరి జెనెవీవ్ హామాన్ తోడ్పడెను. అఱువది యేండ్లు దాటిన పిదప, 1967లో, ఆక్టోపసు జీవితమును చిత్రించెను. 1989 జులై 2వ తేదీన పారిస్ నగరముననే కన్నుమూసెను.