డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ - ప్రోస్టేటుకు హార్మోను వైద్యం

మన సంఘం సమావేశాల్లో బి.పి., సుగరు గురించి బాహాటంగా చెప్పుకుంటాం. రాత్రి నాలుగుసార్లు లేవవలసి వస్తున్నదని మాత్రం పక్కనున్న మిత్రునికైనా చెప్పం. అందుకే ఈ ప్రత్యేక సంచికకు నేను ఈ మహనీయుని జీవితాన్ని ఎన్నుకున్నాను.

హగ్గిన్స్ 1901 సెప్టెంబరు 22న కెనడాలోని హాలిఫాక్స్‌లో జన్మించారు. 1924లో హార్వర్డులో వైద్యపట్టా పొంది, 1927లో షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. శస్త్రవైద్యుడైన ఆయనకు అక్కడ మూత్రవ్యాధుల శాఖ అప్పగించారు. ఆ శాఖ ఆయనకు అంతగా తెలియదు. కొత్త సీటుకు బదిలీ అయిన గుమాస్తా పాత ఫైళ్ళు తిరగేసినట్టు, పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నారు. ఈ సంగతి చదివాకే ఆయన మీద నాకు అభిమానం కలిగింది.

వయసు మళ్ళిన కుక్కకు కూడా మనిషికి మల్లే ప్రోస్టేటు గ్రంథి పెరుగుతుంది. ఆయన కుక్కల మీద పరిశోధన చేశారు. వృషణాలు తీసివేస్తే గ్రంథి కుంచించుకుపోయింది. పురుష హార్మోను ఎక్కిస్తే తిరిగి పుంజుకుంది. స్త్రీ హార్మోను ఇస్తే మళ్ళీ తగ్గింది. క్యాన్సరు ఒకసారి పుడితే శరీరం అదుపులో ఉండదని ఆనాటి వైద్యుల నమ్మకం. 1941లో ఆయన క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి ఆ నమ్మకాన్ని కదిలించారు. వ్యాధి ఎముకలకు పాకి నొప్పితో మంచంపట్టిన రోగులకు వృషణాలు తొలగించారు, లేదా స్టిల్‌బెస్ట్రాల్ ఇచ్చారు. రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ కొలిస్తే తగ్గుతూ వచ్చింది. కొందరికి కొద్దిరోజుల్లోనే నొప్పి తగ్గింది. తొలి రోగులలో నలుగురు 12 ఏళ్ళకు పైగా బ్రతికారు.

అయితే చాలామందికి వ్యాధి తిరగబెట్టేది. మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు కూడా పురుష హార్మోను తయారుచేస్తాయని గ్రహించి, 1945లో వాటినీ తొలగించి చూశారు. కాని అవి లేనిదే మనిషి బ్రతకడు. తరువాత కార్టిసోన్ అనే స్టెరాయిడు అందుబాటులోకి వచ్చాకే ఆ శస్త్రచికిత్స సాధ్యమైంది.

ఆ ఆలోచనే ఇప్పుడు మాత్రల రూపంలో ఉంది. అమెరికాలో 2011లో అనుమతి పొందిన అబిరాటెరోన్ ఆ హార్మోను తయారీని ఆపుతుంది. దానితోపాటు ప్రెడ్నిసొలోన్ ఇస్తారు. స్టెరాయిడు అంటే భయపడి ఆ ఒక్క మాత్ర మానేసేవారుంటారు. డాక్టరుతో చెప్పకుండా మానితే ప్రమాదం. ఈ హార్మోను చికిత్సల వల్ల ఎముకలు పలచబడతాయి కూడా. క్యాన్సరు కాని మామూలు పెరుగుదలకు వాడే ఫినాస్టరైడ్ మరో రకం. దానిని నెలల తరబడి వాడితే పి.ఎస్.ఎ. అంకె దాదాపు సగానికి పడిపోతుంది. కనుక రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు ఆ మాత్ర సంగతి చెప్పాలి, లేకుంటే అంకె చూసి అంతా బాగుందనుకుంటారు.

హగ్గిన్స్‌కు 1966లో, పాతికేళ్ళ తరువాత, పేటన్ రౌస్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 1969లో డైరెక్టరు పదవి వదిలినా ప్రయోగశాలను వదలలేదు. 1997 జనవరి 12న షికాగోలో, 95వ ఏట కన్నుమూశారు.