అప్పుల మధ్యే అచ్చేసిన మెస్‌ప్లే

వేసవి సెలవుల్లో టొరంటో నుంచో ఒట్టావా నుంచో మాంట్రియల్ వెళ్లే మన కుటుంబాలు పాత మాంట్రియల్ చూడకుండా తిరిగి రావు. నోత్రదామ్ చర్చి, రాళ్లు పరిచిన వీధులు, నది ఒడ్డు చూసుకుని, పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టి కారెక్కుతాం. ఆ దారిలోనే ప్లాస్ రాయల్ పక్కన రూ ద లా కాపిటల్ అనే చిన్న వీధి ఉంది. ఫొటో దిగాలనిపించే విశేషమేమీ అక్కడ కనపడదు. కానీ 1776లో ఆ వీధిలోనే ఫ్లూరీ మెస్‌ప్లే అనే ఫ్రెంచి వలసదారు అచ్చాఫీసు పెట్టాడు. మాంట్రియల్‌లో అచ్చయిన మొట్టమొదటి పుస్తకం అక్కడి నుంచే వచ్చింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లలో ఆయన రెండుసార్లు జైలుకెళ్లాడు, ఒకసారి ఆస్తి వేలమైంది, చివరికి అప్పులతోనే పోయాడు. ప్రెస్సు మాత్రం వదల్లేదు.

మెస్‌ప్లే 1734 జనవరి 10న మార్సేలో పుట్టాడు. తండ్రిదీ అచ్చు పనే. లియోన్‌లో పెరిగాడు. పుస్తకాల వ్యాపారానికి ఫ్రాన్స్‌లో పెద్ద పేరున్న ఊరది. నాన్న పనే కొడుక్కీ వచ్చింది. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి చదవడం చిన్నప్పుడే అలవాటై ఉంటుంది. దాదాపు నలభై ఏళ్లు వచ్చేదాకా ఫ్రాన్స్‌లోనే గడిపాడు. 1773లో లండన్‌కు మారి కోవెంట్ గార్డెన్ దగ్గర దుకాణం తెరిచాడు. ఆ మరుసటి ఏడాదే సముద్రం దాటి ఫిలడెల్ఫియాలో దిగాడు. ఆ వయసులో, పిల్లా జెల్లా కాదు కానీ, టన్నుల కొద్దీ సీసం, చెక్క వెంటేసుకుని చేసే పనిలో ఉన్నవాడు రెండేళ్లలో రెండు దేశాలు మారడం మామూలు సంగతి కాదు.

ఫిలడెల్ఫియాలో అప్పుడు అమెరికా వలస రాష్ట్రాల కాంగ్రెస్ కొలువు తీరి ఉంది. బ్రిటన్ మీద తిరగబడుతున్న ఆ నాయకులకు ఉత్తరాన ఉన్న క్విబెక్ కూడా తమతో కలిస్తే బాగుండుననిపించింది. అక్కడి జనం ఫ్రెంచివాళ్లు. 1760లో మాంట్రియల్ బ్రిటిష్ సైన్యానికి లొంగిపోయింది, 1763 ఒప్పందంతో దేశమే చేతులు మారింది. వాళ్లకు ఫ్రెంచిలో ఒక బహిరంగ లేఖ రాసి రెండు వేల ప్రతులు వేయించాలని కాంగ్రెస్ 1774లో తీర్మానించింది. ఆ పని మెస్‌ప్లే చేతికొచ్చింది. తర్వాత మరికొన్ని లేఖలూ వేశాడు. ఊళ్లో ఫ్రెంచి అక్షరాలు సరిగ్గా కూర్చగలిగిన ముద్రాపకుడు దొరకడం వాళ్ల అదృష్టం. ఆయనకు అది అదృష్టమో దురదృష్టమో చెప్పడం కష్టం.

1775 చివర్లో అమెరికా సైన్యం మాంట్రియల్‌ను పట్టుకుంది. అక్కడికో ముద్రాపకుణ్ని పంపాలని కాంగ్రెస్ అనుకుని 1776 ఫిబ్రవరిలో మెస్‌ప్లేను నియమించింది. ఖర్చులకు రెండు వందల డాలర్లు ఇచ్చింది. చార్లెస్ బెర్జే అనే భాగస్వామి పెట్టుబడి పెట్టాడు. మార్చి 18న భార్య మారీ మిరాబోతో, పనివాళ్లతో, ప్రెస్సుతో బండ్ల మీద, పడవల మీద బయలుదేరాడు. మే 6న మాంట్రియల్ చేరాడు. అప్పటికే ఆ ఊళ్లో కాంగ్రెస్ ప్రతినిధిగా ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, తానూ ఒకప్పటి ముద్రాపకుడే, సరిగ్గా అయిదు రోజులకు తిరుగు ప్రయాణం కట్టాడు. క్విబెక్ నగరం దగ్గర అమెరికన్లు ఓడిపోయారు, బ్రిటిష్ నౌకలు వచ్చేశాయి. జూన్ మధ్యలో సైన్యం కూడా ఊరు ఖాళీ చేసింది. పిలిచినవాళ్లు వెళ్లిపోయారు. అంత బరువున్న సామానుతో మెస్‌ప్లే ఎక్కడికి పోతాడు? అక్కడే ఉండిపోయాడు. బ్రిటిష్ వాళ్లు ఆయన్నీ పనివాళ్లనూ పట్టుకుని ఇరవై ఆరు రోజులు లోపల వేశారు.

బయటికొచ్చిన మనిషి చేసిన పని చూడండి. ఆ ఏడాదే దుకాణం తెరిచి పుస్తకం వేశాడు.

అదేదో విప్లవ గ్రంథం అనుకునేరు. చర్చికి అనుబంధంగా ఉన్న ఒక భక్త సమాజం నియమావళి అది. తర్వాత కాలేజీ విద్యార్థులు ఆడిన జోనథన్, దావీదుల స్నేహం మీది మూడంకాల నాటకం. ఆ తర్వాత ప్రార్థన పుస్తకాలు, పంచాంగాలు, నోటీసులు, కోర్టు కాగితాలు. 1777లో మోహాక్ భాషలో పిల్లలు చదువు నేర్చుకునే వాచకం కూడా వేశాడు. ఆ ఊరికి దగ్గర్లోనే మోహాక్ ప్రజల పల్లెలు ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. ఫ్రెంచి, ఇంగ్లీషు, లాటిన్, మోహాక్: ఒకే చిన్న అచ్చాఫీసులో నాలుగు భాషలు. ఇక్కడో మాట. తెలుగు అక్షరం ఐరోపాలో అచ్చయింది అంతకు ముప్పై ఏళ్ల ముందే, జర్మనీలోని హాలె పట్టణంలో బెంజమిన్ షుల్జ్ చేతుల మీదుగా. మాంట్రియల్ కంటే మనం ముందున్నామని పిల్లలకు చెప్పుకోవచ్చు.

ఫ్రెంచి పాలన సాగినంత కాలం కెనడాలో అచ్చుయంత్రమే లేదు. హాలిఫాక్స్‌లో 1752లో, క్విబెక్ నగరంలో 1764లో పత్రికలు మొదలయ్యాయి, రెండూ బ్రిటిష్ వాళ్లు వచ్చాకే. క్విబెక్ పత్రిక రెండు భాషల్లో వచ్చేది. కాబట్టి మాంట్రియల్ ఫ్రెంచివాళ్లకు తమ ఊళ్లో, తమ భాషలో, ప్రభుత్వంతో సంబంధం లేకుండా పుస్తకం వేసే చోటు దొరకడం అదే మొదలు.

ఈ వ్యాపారం ఎలా సాగేదో కొంచెం ఆగి చూద్దాం. కెనడాలో కాగితం మిల్లు 1805 ప్రాంతానికి గానీ రాలేదు. మెస్‌ప్లే వాడిన ప్రతి కాగితమూ సముద్రం మీద రావలసిందే. శీతాకాలంలో సెయింట్ లారెన్స్ నది గడ్డకడితే నెలల తరబడి ఓడ రాదు. అంటే ఏడాదికి సరిపడా కాగితం ముందే కొని పెట్టుకోవాలి, అదీ అప్పు చేసి. సీసపు అక్షరాలు కొద్దిగానే ఉంటాయి. కొన్ని పేజీలు కూర్చి, అచ్చేసి, ఆ అక్షరాలు విడదీసి మళ్లీ గళ్లలో వేసుకుంటే తప్ప తర్వాతి పేజీలకు చేయి ఖాళీ అవదు. కాగితం తడిపి, తోలు ఉండలతో సిరా పూసి, చెక్క ప్రెస్సు కడ్డీ లాగి, ఒక్కో తావు తీగమీద ఆరేయాలి. తర్వాత మడత, కుట్టు. ఇంత చేశాక కొనేవాళ్లెవరు? ఊరే చిన్నది, చదువొచ్చినవాళ్లు ఇంకా తక్కువ. ఖర్చంతా ముందు, రాబడి ఎప్పటికో. ఈ లెక్క మాత్రం ఈ రోజుకీ మారలేదు. ఇక్కడ సంఘం సావనీరు వేయించిన వాళ్లనో, సొంత డబ్బుతో కథల పుస్తకం తెచ్చి అట్టపెట్టెలు బేస్‌మెంట్‌లో పెట్టుకున్న వాళ్లనో అడిగితే చెబుతారు.

అందుకే పంచాంగం, ప్రార్థన పుస్తకం. ప్రతి ఇంటికీ ఏడాదికొకటి కావాలి కనక అవి అమ్ముడవుతాయి. మన దగ్గరా ఎన్నో ప్రచురణ సంస్థలను పంచాంగాలు, పెద్ద బాలశిక్షలు నిలబెట్టాయి. కావ్యాలు, చరిత్రలు ఆ డబ్బు నీడనే వచ్చాయి. మెస్‌ప్లే కూడా అలాగే చేశాడు. చేతికి కాస్త డబ్బు తిరిగేసరికి తనకు కావలసింది మొదలుపెట్టాడు.

1778 జూన్ 3న మాంట్రియల్ నుంచి వారపత్రిక వచ్చింది. వాణిజ్యం, సాహిత్యం దాని పేరులోనే ఉన్నాయి. పూర్తిగా ఫ్రెంచిలో వచ్చిన తొలి కెనడా పత్రిక అదే. సంపాదకత్వం వలెంటిన్ జోటార్ చూశాడు. ఆయన కూడా ఫ్రాన్స్ నుంచి వచ్చినవాడే, వృత్తి రీత్యా లాయరు, కలం పదును ఎక్కువ. వోల్తేర్ గురించి చర్చలు, చదువు గురించి వాదాలు, కుర్రవాళ్ల పద్యాలు అందులో వచ్చేవి. మతాధికారి ఎతియెన్ మోంగోల్ఫియేకు ఇదేమీ నచ్చలేదు. ఈ పెద్దాయన బెలూన్ ఎగరేసి పేరు తెచ్చుకున్న మోంగోల్ఫియే సోదరులకు చిన్నాన్న వరస. వాళ్లది కాగితం తయారు చేసే కుటుంబం. కాగితం చేసే ఇంటి మనిషికే ఆ కాగితం మీద పడే మాట గిట్టకపోవడం చిత్రంగా ఉంటుంది. ఫిర్యాదులు వెళ్లాయి, ఇద్దర్నీ దేశం వదిలిపొమ్మన్నారు. ఊళ్లో కొందరు అర్జీ పెడితే ఉండనిచ్చారు.

అక్కడితో జాగ్రత్తపడి ఉండవచ్చు. పడలేదు. ఏడాది తిరిగేసరికి పత్రిక న్యాయమూర్తుల మీదికి మళ్లింది. రూవిల్ అనే జడ్జి నడతను తప్పుపట్టిన రాతలు వచ్చాయి. ఇందులో జోటార్ సొంత కక్ష కూడా కలిసి ఉండొచ్చనే నేననుకుంటాను. కోర్టుల్లో ఆయనకూ జడ్జీలకూ పడేది కాదు. యజమానిగా ఆ అచ్చు ఆపే అధికారం మెస్‌ప్లేకు ఉంది, ఆయన ఆపలేదు. 1779 జూన్ మొదటి వారంలో పత్రిక ఆగిపోయింది. ఇద్దర్నీ గవర్నర్ హాల్డిమాండ్ ఆజ్ఞపై క్విబెక్ నగరం జైలుకు పంపారు. విచారణ లేదు, శిక్షాకాలం లేదు. అమెరికాతో యుద్ధం నడుస్తున్న రోజులు, పైగా ఒకప్పుడు కాంగ్రెస్ పంపిన మనిషి. ఎవరు అడుగుతారు? మూడేళ్లకు పైగా అలాగే ఉంచారు. మెస్‌ప్లే 1782 సెప్టెంబరులో బయటపడ్డాడు, జోటార్ ఆ తర్వాత కొన్ని నెలలకు.

అప్పులు మాత్రం జైల్లో కూర్చోలేదు, పెరిగాయి. తనను పిలిచి నష్టపరిచినందుకు పరిహారం ఇవ్వమని అమెరికా కాంగ్రెస్‌ను అడిగాడు. తొమ్మిది వేల డాలర్లకు పైగా అడిగితే వచ్చింది కొన్ని వందలు. అప్పులవాళ్లు ఆగలేదు. 1785లో ఆస్తి జప్తయి వేలానికి వచ్చింది. చేతిలోంచి పోయిన ప్రెస్సునే అద్దెకు తీసుకుని ఆయన పని సాగించాడు. తన అక్షరాలకు తానే అద్దె కట్టిన ముద్రాపకులు చరిత్రలో ఎందరుంటారో.

వేలం జరిగిన ఏడాదే, ఆగస్టు 25న, ఆయన కొత్త పత్రికను మొదలుపెట్టాడు: మాంట్రియల్ గెజిట్. ఈసారి లెక్క మార్చాడు. ఒక వరుస ఫ్రెంచి, పక్క వరుస ఇంగ్లీషు. ప్రకటనలు ఇచ్చే వర్తకుల్లో ఇంగ్లీషువాళ్లు ఎక్కువయ్యారు మరి. దీన్ని రాజీ అనేవాళ్లు అంటారు. నాకైతే అది రాజీ అనిపించదు. ఫ్రెంచి వరుస అచ్చవడానికి కావలసిన కాగితం ఖర్చు ఇంగ్లీషు ప్రకటన భరించిందంటే అందులో తప్పేముంది? 1789లో పారిస్‌లో విప్లవం మొదలయ్యాక అక్కడి కబుర్లు, కొత్త ఆలోచనలు ఆ పత్రిక ద్వారానే మాంట్రియల్ ఇళ్లకు చేరాయి. ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చాక, 1793 నుంచి ఆయన కొంచెం స్వరం తగ్గించాడు. అరవై ఏళ్ల దగ్గర పడుతున్న మనిషి మళ్లీ క్విబెక్ జైలుకు పోలేడు.

ఫిలడెల్ఫియా నుంచి బండి మీద వెంట వచ్చిన మారీ మిరాబో 1789లో చనిపోయింది. జైలు రోజులు, అప్పులవాళ్ల తగాదాలు అన్నీ చూసిన మనిషి ఆమె. మరుసటి ఏడాది ఆయన మారీ-ఆన్ తిజోన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె విగ్గులు చేసేవాడి కూతురు, వయసులో చాలా చిన్నది. 1794 జనవరి 24న మెస్‌ప్లే కన్నుమూశాడు. ఆయన మిగిల్చింది ప్రెస్సు, అక్షరాలు, అప్పులు. కొద్దికాలం ఆమె చూసుకున్నాక పత్రిక చేతులు మారింది. 1822 నుంచి అది పూర్తిగా ఇంగ్లీషు పత్రికైంది. ఇప్పటికీ వస్తోంది. మాంట్రియల్‌లో ఉండే మన వాళ్లలో చాలామంది ఉదయాన్నే ఫోన్‌లో తిరగేసే గెజిట్ అదే. ఫ్రెంచి కోసం ప్రాణాల మీదికి తెచ్చుకున్న మనిషి పత్రికలో ఫ్రెంచి వరుస లేదు. ఆయన వేసిన ఫ్రెంచి పుస్తకాలు మాత్రం క్విబెక్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. మొదటి పేజీ అడుగున ఊరి పేరు మాంట్రియల్, దాని కింద ఫ్లూరీ మెస్‌ప్లే.